పౌర్ణమి మర్నాటి నీళ్ళు

కార్తీక పౌర్ణమి మర్నాడు, గురువారం, పొద్దున్న పది గంటల పది నిమిషాలకి నేను అబద్ధం చెప్పాను. వేళ ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, అప్పుడే ఆఫీసరమ్మ ఫోన్‌తో ఫొటో తీసింది. ఆ ఫొటో మీద వేళ పడింది. దాన్ని తర్వాత కాయితానికి అతికించారు. చవుడు నేల మీద చీలమండ లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో నేను. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చెయ్యి చాపి దూరంగా చూపిస్తున్నాను.

"ఇక్కడికి పోటు వస్తుందా అమ్మా?" అని ఆమె అడిగింది.

"కళ్ళతో సూత్తన్నారు కదమ్మా, ఇంకా అడుగుతారేటి?" అన్నాను.

నోటితో అన్నది అంతే. లేనిది ఒక్క ముక్క చెప్పలేదు. నీళ్ళు నిజంగానే ఉన్నాయి. చాలా కాలం నేను ఈ మాటే పట్టుకుని వేలాడాను. ఇప్పుడు కాయితం ముందు కూర్చుంటే అది నిలబడ్డం లేదు. ఆ నేల మీదికి నీళ్ళు ఎక్కేది ఏడాదిలో ఏ పది పదిహేను రోజులో. ఆశ్వయుజంలో, కార్తీకంలో, అమావాస్యకీ పౌర్ణమికీ అటూ ఇటూ. మిగతా ఏడంతా అది ఎండి, బీటలు తీసి, ఉప్పు పొంగి తెల్లగా ఉంటుంది. మా వాడలో పుట్టిన ఎవరికైనా ఈ సంగతి తెలుసు. ఆఫీసరమ్మకి తెలీదు. ఆమెకి తెలీదని నాకు తెలుసు.

నేను బురదలో పెరిగిన మనిషిని. అక్షరాలు వచ్చేసరికి నెత్తి నెరిసింది. నోరు పెద్దదని ఆడాళ్ళ సంఘంలో నన్ను లీడర్ని చేశారు. తీరా చేశాక, నోరుంటే చాలదు, సంతకం ఉండాలన్నారు. మెట్టకూరు నుంచి ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు వచ్చి చెప్పేది. పేరు రాయడం వచ్చాక మిగతావాళ్ళు మానేశారు. నేను మానలేదు. బస్సు మీద బోర్డు చదవాలి, మందు సీసా మీద కాయితం చదవాలి అని నా పట్టుదల. పలక ఇంట్లో ఉండిపోతే, పీతల్ని కన్నంలోంచి లాగే ఇనప కొక్కెంతో బురద మీదే రాసేదాన్ని. మెత్తటి బురద పలక కంటే బాగుంటుంది, చెరపక్కర్లేదు, తొక్కితే పోతుంది.

మా వదిన నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసేది.

"ఏటే, పీతలకి ఉత్తరం రాత్తన్నావా?"

"ఆఁ. మా వదిన వత్తంది, దొరక్కండా పారిపోండి అని రాత్తన్నా."

"రాయి రాయి. దాని కింద నీ సంతకం కూడా ఎట్టు. లీడరమ్మ సెప్పిందంటే వింటాయి."

ఆమె మా అన్న భార్య. నేను పిల్లనై ఉండగా మా ఇంటికి కోడలిగా వచ్చింది. మా అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడకి పిల్లలు లేరు. ఉన్నదల్లా వెనక బురద.

వెనక బురద అని మేమే అనేవాళ్ళం. ఫరంపేట దాటాక, ఊరికి వీపు వైపు, మడ చెట్ల కింద చిత్తడి. రోజుకి రెండుసార్లు నీళ్ళు ఎక్కి దిగేవి. దిగాక వదిన కొక్కెం, బుట్ట పట్టుకుని వెళ్ళేది. ఆవిడకి అక్షరం రాదు గానీ, కన్నం మూతి దగ్గర బురద తడి చూసి పీత లోపలుందో బయటికి పోయిందో చెప్పేది. ఏ కన్నంలో ఎన్నాళ్ళకోసారి చెయ్యి పెట్టాలో ఆవిడకి లెక్క. గుడ్లున్న పీతని పైకి తీసి, దాన్ని తిట్టి, మళ్ళీ లోపలికే తోసేసేది. వచ్చేటప్పుడు ఒడ్డున ఇలకూర కోసుకొచ్చేది. ఆ కూర ఉప్పు నేలలో పెరుగుతుంది. రొయ్యలతో కలిపి వండితే వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు.

మాలో ఒక వాడుక ఉంది. అది తెలియకపోతే నేను చేసిన పని ఎంత తప్పో తెలీదు. బురద ఎవరి పట్టాలోనూ ఉండదు. అయినా ఎవరి చోటు వాళ్ళదే. అత్తగారు కోడల్ని వెంటబెట్టుకెళ్ళి, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా మనది అని చూపిస్తుంది. ఒకళ్ళ చోట ఇంకొకళ్ళు కొక్కెం దించరు, కడుపు మాడినా సరే. వదినకి వెనక బురద మా అమ్మ చూపించింది. నాకు మా అత్తగారు చూపించింది దరియాలతిప్ప వైపు ఉన్న గుల్లల మేట. ఏరు తెచ్చిన ఒండ్రు పేరుకున్న పల్లపు నేల అది. నీళ్ళు తీసినప్పుడు బయటపడుతుంది. కాలితో తడిమి గుల్లలు ఏరుకోవాలి. మాంసం సంతలో అమ్ముతాం, పెంకులు సున్నం బట్టీకి వేస్తాం. ఇప్పుడు నాతో పాటు నా కోడళ్ళిద్దరూ దాని మీదే ఆధారం.

వెనక బురద పూడ్చి కొత్త బస్టాండు కడతారని కబురు వచ్చింది. బస్టాండు వద్దని నేను ఎప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఎండలో, వానలో రోడ్డు పక్కన నిలబడి కాకినాడ బస్సు కోసం చూసిన కాళ్ళు నావి. కంటి ఆపరేషనుకి వెళ్ళినప్పుడు గాజు పెంకు లాంటి ఎండలో కూర్చోడానికి అరుగు కూడా లేకపోయింది. బస్టాండు కావాలి. ఊరంతా అదే అంది.

వదిన ఒక్కతీ ఏమీ అనలేదు. సంఘం మీటింగుకి ఆఫీసరమ్మ వచ్చి, పూడ్చినంత చిత్తడిని ఇంకో చోట తయారుచెయ్యాలని రూలు ఉందని, అందుకే తనని వేశారని చెప్పింది. పిల్ల చిన్నది. మాట మెత్తన. వదిన వెనక వరసలోంచి లేచింది.

"మరి నా కన్నాలు ఎక్కడెడతారమ్మా?"

అందరూ పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. ఆఫీసరమ్మ నవ్వలేదు.

"కన్నాలు మేం పెట్టలేం పెద్దమ్మా. నేల తయారుచేసి మడ మొక్కలు నాటుతాం. చెట్లు లేస్తే పీతలు వాటంతట అవే వస్తాయి. కొన్నేళ్ళు పడుతుంది. వచ్చాక ఆ చోటు ముందు మీకే చూపిస్తాను."

"మీరు సూపిత్తారా? మా అత్తగారు సూపించినట్టు?"

"అలాగే."

వదిన కూర్చుంది. ఆ సాయంత్రం వాడలో కనిపించినవాళ్ళందరికీ చెప్పింది, నాకు కొత్త అత్తగారు దొరికింది, నా మనవరాలంత ఉంది అని.

తర్వాత ఆఫీసరమ్మ చోటు వెతకడానికి తిరిగింది. కార్తీక సోమవారం నాడు, నేను ఉపవాసంతో ఉండగా, నన్ను తోడు తీసుకుని గట్టు వెంబడి దరియాలతిప్ప వైపు నడిచింది. నడిచి నడిచి సరిగ్గా నా మేట ముందు ఆగింది. నీళ్ళు అప్పుడే తీస్తున్నాయి. ఆమె చెప్పులు విప్పి దిగింది. బురద చేత్తో తీసి నలిపి చూసింది. ముఖం విచ్చుకుంది.

"రోజూ రెండు పోట్లూ తగులుతాయి కదమ్మా ఇక్కడ? దీనికంటే మంచి చోటు ఇంకోటి దొరకదు."

మడ మొక్కలు లేచి వేళ్ళు అల్లుకుంటే అక్కడ కాలు పెట్టి తడమడానికి ఉండదు. కాలవలు తవ్వితే ఒండ్రు కోసుకుపోతుంది. గుల్లలు పోతాయి. అప్పుడు ఒక్క మాట అనుంటే సరిపోయేది: ఇది మా చోటమ్మా, మేం ముగ్గురం దీని మీద బతుకుతున్నాం. ఆ మాట నోట్లోంచి రాలేదు. ఎందుకు రాలేదంటే, అప్పటికి నేను లీడరుగా చాలాసార్లు అదే ఆఫీసరమ్మ ముందు, ఊరి కోసం ఎవరిది వాళ్ళు కాస్త వదులుకోవాలి అని చెప్పి ఉన్నాను. వదిన చోటు పోతున్నప్పుడు చెప్పిన మాట. నా చోటు దగ్గరికొచ్చేసరికి మింగలేక, కక్కలేక ఇంకో దారి వెతుక్కున్నాను.

"ఇంతకన్నా మంచిది పైన ఉందమ్మా. కాళీగా పడుంది, ఎవరికీ అక్కర్లేదు."

"అయితే రేపు చూద్దామా?"

"రేపు మాకు ఇల్లు కడుక్కోడాలు. ఎల్లుండి పౌర్ణమి, దీపాలు ఎట్టుకోవాలి. గురువారం రండమ్మా. పొద్దున్న మరీ పెందరాళే కాదు. తొమ్మిదిన్నర దాటనివ్వండి."

ఆమె ఫోన్‌లో రాసుకుంది. పౌర్ణమి నాటి పోటు కంటే మర్నాటి పోటు పెద్దది. కార్తీకంలో సముద్రం నిండుగా ఉంటుంది కాబట్టి ఇంకా పెద్దది. ఏ పూట ఎంత ఎక్కుతుందో మా అమ్మ నాకు చిన్నప్పుడే నేర్పింది, మునిగిపోకుండా ఉండడానికి. ఆ చదువుని నేను దీనికి వాడాను.

బుధవారం సాయంత్రం మూడు వందల అరవై అయిదు ఒత్తులూ నేతిలో తడిపి దీపం వెలిగించాను. వదిన నా పక్కనే అరటి డొప్పలో దీపం పెట్టి ఏట్లోకి వదిలింది. చేతులు జోడించి దేవుణ్ణి ఏమడిగానో చెప్పాలంటే సిగ్గు. రేపు నీళ్ళు బాగా ఎక్కాలి అని అడిగాను.

ఎక్కాయి.

గురువారం నాడు చవుడు నేల అద్దంలా ఉంది. కొంగలు కూడా దిగాయి, నా అబద్ధానికి సాయంగా. ఆఫీసరమ్మ వచ్చింది. బస్టాండు ఇంజనీరు వచ్చాడు. బూట్లు తడుస్తాయని విప్పి రెండు చేతుల్లో పట్టుకుని పసిపిల్లాడిలా అడుగులేశాడు. కొలతలు తీసే అతను టేపు పట్టుకుని అటూ ఇటూ నడిచాడు. వదిన కూడా వచ్చింది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. తన చోటు ఎక్కడ వస్తుందో చూసుకుందామని వచ్చింది. ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని గట్టు మీద నిలబడింది.

నేను నీళ్ళలోంచి గట్టు దగ్గరికి వచ్చినప్పుడు వంగి నాకే వినబడేలా అంది:

"ఏమే, ఈ నీళ్ళు ఎన్నాళ్ళుంటాయి?"

"నువ్వూరుకో వదినా. నీకేటి తెలుసు."

అలా అన్నాను. పోట్ల గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. ఆవిడ నా ముఖంలోకి ఒకసారి చూసి తలాడించింది.

ఆఫీసరమ్మ అట్ట మీద కాయితం పెట్టి రాసింది. ఎవరెవరు వచ్చారో రాసింది. రాసి నాకిచ్చింది.

"చదువుకుని సంతకం పెట్టండమ్మా."

ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. "వేలిముద్ర అనుకున్నానే నేను."

"మా అమ్మగారు చదువుతారండీ," అంది ఆఫీసరమ్మ, నా చదువు తనదైనట్టు గర్వంగా.

చదివాను. వేలు పెట్టి, పెదాలు కదుపుతూ, నిదానంగా చదివాను. అందులో ఒక చోట ఇలా ఉంది: 'ఈ స్థలానికి పోటు నీరు రోజూ చేరుతుందని స్థానిక మహిళా సంఘం నాయకురాలు తెలిపారు.' రోజూ అని నేను అనలేదు. ఆమె అలా అర్థం చేసుకుంది, రాసింది. ఆ మాట మీద నా వేలు ఆగింది. 'రోజూ' చిన్న మాట. దాన్ని కొట్టేయించడానికి ఒక్క క్షణం పట్టేది. నేను వేలు ముందుకి జరిపాను. కింద ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాశాను, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నేను ఇంట్లో, బ్యాంకులో పొట్టి సంతకం పెడతాను. ఆ రోజు మాత్రం పూర్తిగా రాశాను.

బస్టాండు పని మొదలైంది. లారీలు గ్రావెల్ తెచ్చి వెనక బురదలో పోశాయి. వదిన రెండు రోజులు వెళ్ళి చూసింది. మూడో రోజు మానేసింది. పీతలు రోడ్డు మీదికి పాకి వచ్చాయని, లారీ కింద పడ్డాయని పిల్లలు చెప్పుకున్నారు.

అవతల చవుడు నేలలో కాలవలు తవ్వారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా చేప ముళ్ళలా చిన్న కాలవలు. నీళ్ళు వాటిలోంచి అన్ని మొక్కలకీ అందాలని. మా సంఘం ఆడాళ్ళం కూలికి వెళ్ళి సంచుల్లో పెంచిన మడ మొక్కలు నాటాం. మిగతావాళ్ళం పాట పాడుకుంటూ గబగబా నాటేసేవాళ్ళం. వదిన ఒక్కొక్క సంచీ చింపి, మట్టి విరగకుండా దించి, చుట్టూ బురద అరచేత్తో నొక్కి, తర్వాతే ఇంకోటి తీసేది.

"అంత సేపైతే సంకురాత్రి దాటిపోద్ది వదినా," అంది ఎవరో.

"మీరు నాటేది కూలికి. నేను నాటేది నాకు," అంది వదిన.

తవ్విన కాలవల వల్ల కొన్నాళ్ళు అందిన నీళ్ళు కూడా మాఘం వచ్చేసరికి పైకి ఎక్కడం మానేశాయి. పెద్ద కాలవ మూతి దగ్గర కాస్త తడి తగిలి, అక్కడే ఇంకిపోయేది. ఆకులు ముందు పసుపు పచ్చగా, తర్వాత గోధుమ రంగుగా మారాయి. కాలవల అంచుల్లో ఉప్పు పేరింది. అప్పుడు వదిన బిందె ఎత్తుకుంది. నా మేట పక్కనున్న పాయలోంచి నీళ్ళు ముంచుకుని, గట్టు ఎక్కి, గట్టు దిగి, మొక్క మొక్కకీ పోసేది. రోజూ నేను మేటలో గుల్లలు తడుముతూ తల ఎత్తితే, పైన బిందెతో ఆవిడ. నా బుట్ట నిండేది. ఆవిడ బిందె ఖాళీ అయ్యేది.

ఒకరోజు పట్టలేక అరిచాను.

"మానెయ్యి వదినా! మడ చెట్టు బిందెతో బతుకుద్దేటి?"

"సంటిపిల్లకి ఉగ్గుగిన్నెతో పోత్తే బతకట్లేదా? నువ్వు నీ గుల్లలు సూసుకో."

నీ గుల్లలు అంది. ఆ మాటలో ఏమైనా ఉందా అని రోజంతా ఆలోచించాను. ఏమీ లేదు. ఆవిడ మనసులో అలాంటివి ఉండవు. నా మనసులో ఉన్నదే నాకు వినిపించింది. లేచి వెళ్ళి ఇంకో బిందె నేను ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే ఎందుకని అడుగుతారని భయం.

వైశాఖానికి పుల్లలు మిగిలాయి. వదిన మోకాళ్ళు వాచిపోయాయి. గట్టు ఎక్కడం దిగడం ఇంక ఆవిడ వల్ల కాలేదు. ఆఫీసరమ్మ వచ్చి ఎండిన మొక్కల మధ్య చాలాసేపు తిరిగింది. కాలవలు లోతు చాల్లేదేమో అంది. కాలవలు తవ్వించిన మేస్త్రిని పిలిచి గట్టిగా అడిగింది. అతను చుట్టుపక్కల ఊరివాడు. ఇచ్చిన కొలతకి తవ్వానండి బాబూ అని మొత్తుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. కొంగు సర్దుకున్నాను. నోరు పెద్దదని లీడర్ని చేసిన మనిషిని, ఆ రోజు నా నోరు తెరుచుకోలేదు.

బస్టాండు పూర్తయింది. బాగుంది. గచ్చు చల్లగా ఉంటుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. మొక్కలు నాటినట్టు ఫొటోలతో కాయితం పైకి వెళ్ళింది. నాటిన మాట నిజమే కదా.

వదిన ఇప్పుడు ఇతరుల దగ్గర పీతలు తీసుకుని, వాటి గోళ్ళకి తాడు కట్టి, బస్టాండు గేటు పక్కన కూర్చుని అమ్ముతుంది. దిగినవాళ్ళని పిలుస్తుంది. మొన్న శీతాకాలంలో నేను కాకినాడ నుంచి కంటి మందు తీసుకుని దిగితే, పక్కన కూర్చోమంది. ఎదురుగా ఆగిన బస్సు చూపించింది.

"ఆ ముందు చక్రం లేదూ, సరిగ్గా అక్కడే నా పెద్ద కన్నం. ఏడాది పొడుగూ కాళీ ఉండేది కాదు. ఒక మగ పీత పోతే ఇంకోటి వచ్చి సేరేది."

"ఊఁ."

"సంఘానికి ఇచ్చిన కాయితం నీ దగ్గిరుందా? ఆ పౌర్ణమి మర్నాటిది. సదివి ఇనిపించవే. కాలవలు లోతు తవ్వలేదని మేస్త్రిని అంటన్నారు కదా. ఎంత లోతు తవ్వాలని రాసుందో సూద్దారి."

కాయితం నా సంచీలోనే ఉంది. సంఘం పుస్తకంలో పెట్టుకుని తిరుగుతాను. తీశాను. 'రోజూ' అన్న మాట వదిలేసి చదివితే ఆవిడకి తెలిసేది కాదు. చదవబోయే ముందు ఆ ఆలోచన వచ్చింది, దాచను. కానీ చదివాను. ఉన్నదున్నట్టు చదివాను.

వదిన తాడు కడుతున్న పీతని కింద పెట్టింది.

"రోజూ అనుందా?"

"ఉంది."

"నువ్వు సదివే సంతకం ఎట్టావా?"

"సదివే ఎట్టాను."

ఎవరో ఆగి, జత ఎంత అని అడిగారు. వదిన ధర చెప్పి, ఏరి ఇచ్చి, డబ్బు కొంగున ముడేసుకుంది. తర్వాత నా వైపు తిరక్కుండా అంది:

"ఆ రోజు నాకు తెలుసే. నీళ్ళు నిలవవని గట్టు మీద నుంచునే సూశాను. కానీ నువ్వు సదువుకున్నదానివి. నీకేదో తెలిసుంటాది, కాలవ తవ్వితే నీళ్ళు ఎక్కుతాయని కాయితంలో ఉందేమో అనుకున్నాను. నువ్వు నీకేటి తెలుసన్నావు కదా. నిజవే, నాకేటి తెలుసు అనుకున్నాను."

నేను కాయితం మడిచి, మళ్ళీ విప్పాను.

"గుల్లల మేట కోసవేనా?"

"అవును."

"పిచ్చిదానా. నాతో అనుంటే నేనే సెప్పేదాన్ని కదే ఆ పిల్లకి. ఇది మా మరదలికి వాళ్ళత్తగారు సూపించిన సోటు, దీని జోలికి రాకండమ్మా అని. ఒకళ్ళ సోట నేనెప్పుడన్నా కొక్కెం దించానా?"

ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, మా ఇద్దరికీ అలవాటే. పిచ్చిదానా అని, నా చేతిలో కాయితం తీసుకుని తిరగేసి, ఫొటో దగ్గర ఆగింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది.

"ఈ ఎర్ర సుక్క ఏటి? గట్టు మీద?"

"నువ్వే. నీ రవిక."

"నా పేరు రాశారా?"

వచ్చినవాళ్ళ పేర్లు మళ్ళీ చదివాను. నాలుగే ఉన్నాయి.

"లేదు వదినా."

"నేనూ ఉన్నాను కదే," అంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాను. ఆఫీసరమ్మ ఇంకా అక్కడే చేస్తోంది. సోమవారం నాడు మేట ముందు నేను మింగేసిన మాట దగ్గర్నుంచి వదిన బిందె దాకా అంతా చెప్పాను. ఆమె నా మీద అరవలేదు. చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"మిమ్మల్ని నమ్మి ఫోన్‌లో పోటు వేళలు కూడా చూడలేదమ్మా నేను," అంది. "ఆ మేస్త్రికి ఆ తర్వాత పని ఇవ్వలేదు, తెలుసా?"

తెలీదు. ఇప్పుడు అది కూడా నా మీద ఉంది.

మళ్ళీ నాటాలంటే పాత కాయితం తప్పని పైవాళ్ళకి తెలియాలి, జరిగింది మీ చేత్తో రాసివ్వండి, ఆ రోజు ఎవరెవరు ఉన్నారో కూడా రాయండి అంది. నాటుతారని గట్టిగా చెప్పలేనంది. మేటలో కింది సగం తీసుకోమని నేనే అన్నాను. ఇంటికొచ్చి కోడళ్ళకి చెబితే పెద్దది కంచం విసురుగా పెట్టింది, చిన్నది రెండు రోజులు మాట్లాడలేదు. వదిన దగ్గరికి వెళ్ళి చెబితే ఆవిడ ఇంకా గట్టిగా అంది: "నీ మేట నాకొద్దు. మీ అత్తగారు సచ్చి ఏ లోకంలో ఉందో, నన్ను తిడద్ది. అయినా ఈ మోకాళ్ళతో నేనెక్కడ దిగుతానే ఇప్పుడు? ఆ సవుడు నేలకే నీళ్ళొచ్చే దారి సూడమను. ఆ మొక్కలు నాటింది నేను."

ఆఫీసుకి ఇచ్చింది ఒక్క పేజీ. ఇంకా ఏ కబురూ రాలేదు. అందులో పట్టనిదంతా ఇక్కడ రాశాను. పోటు వేళలకి కిందికి వెళ్ళి ఆ చవుడు నేల చూసి వస్తున్నాను. కాలవ మూతి దగ్గర రెండు మొక్కలు చిగురు వేశాయి. వదినకి చెబితే, పెద్ద బిందెలు అక్కడే ఎక్కువ పోశానంది.

ఆ గురువారం, పది గంటల పది నిమిషాలకి అక్కడ ఉన్నవాళ్ళు: ఆఫీసరమ్మ, ఫోన్ పట్టుకుని. బస్టాండు ఇంజనీరు, బూట్లు చేతుల్లో పెట్టుకుని. కొలతలు తీసే అతను. చదవడం వచ్చిన నేను. గట్టు మీద, ఖాళీ బుట్టతో, ఎర్ర రవికతో, మా అన్న భార్య, మా వదిన.